రెండు పడవల పెళ్ళి

సంఘమువారు ఈ సంచికకు సంస్కృతీవిషయకమైన వ్యాసమొకటి వ్రాయవలసినదిగా కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ప్రభుత్వ కార్యాలయమున ముప్పదియేడు సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి, 2020లో విశ్రాంతి పుచ్చుకొన్నవారము. మాకు వచ్చిన విద్య యొక్కటే, అది జమాఖర్చులు వ్రాయుట. కావున మా ఇంట జరిగిన పెండ్లి జమాఖర్చులనే పాఠకుల ముందుంచుచున్నాము. తెలుగువారి ఇంట సంస్కృతి పేరిట అగు ఖర్చులలో పెండ్లిఖర్చు కంటె పెద్దది వేరొకటి లేదు కదా.

మాది యానాం. గౌతమీ గోదావరి ఒడ్డున నున్న చిన్న పట్టణము. చుట్టును ఆంధ్రదేశమే యైనను, ఏలుబడి మాత్రము 1954 వరకు ఫ్రెంచివారిది, ఇప్పుడు పుదుచ్చేరిది. ఈ ఊరికిని పెండ్లిండ్లకును పాత సంబంధము గలదు. 1929లో శారదా చట్టము పుట్టి, 1930 ఏప్రిలు మొదటి తేదీనుండి అమలునకు వచ్చెను. పదునాలుగేండ్లు నిండని బాలికకును, పదునెనిమిదేండ్లు నిండని బాలునకును పెండ్లి చేయుట బ్రిటిషు ఇండియాలో నేరమయ్యెను. ఫ్రెంచి యానాంలో ఆ చట్టము చెల్లదు. అందుచేత చుట్టుపట్ల ఊళ్ళవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇచ్చటికి వచ్చి పెండ్లిండ్లు జరిపించుకొని పోవువారు. మా ఊరికి కల్యాణపురమని పేరు వచ్చినది అందువలననే. పేరు వినుటకు ఇంపుగా నుండును గాని, దాని వెనుక నున్నవి పసిపిల్లల పెండ్లిండ్లు.

మా నాయనమ్మగారి పెండ్లియు అట్టిదే. 1931లో, ఆమెకు ఎనిమిదవ ఏట, కోనసీమ వైపునుండి రాత్రివేళ రెండు పడవలమీద ఏరు దాటి వచ్చి, ఇచ్చట తెల్లవారుజామున పెండ్లి జరిపించిరి. ఒక పడవ ఆడపెండ్లివారిది, ఒక పడవ మగపెండ్లివారిది. పడవలలో పట్టినంతమందియే పెండ్లికి వచ్చినవారు. తరువాతి కాలమున తాతగారు యానాంలోనే ఒక కొట్టులో పద్దులు వ్రాయు పనికి కుదురుకొని, ఇచ్చటనే స్థిరపడిరి. మా చిన్నతనమున నాయనమ్మగారు ఆ ముచ్చట చెప్పునప్పుడెల్ల "మాది రెండు పడవల పెళ్ళిరా" అని నవ్వెడివారు. రేవులో దిగునప్పుడు కొత్త పట్టుపరికిణీ అంచు తడిసినదనియు, అది ఆరువరకు తాను ఏడ్చితిననియు చెప్పెడివారు. తాళి కట్టుట ఆమెకు జ్ఞాపకము లేదు. "నీకు ఇష్టమయ్యే చేశారా నాయనమ్మా?" అని మేమొకసారి అడిగితిమి. "నన్నెవరడిగారురా? నిద్దట్లో లేపి పీటల మీద కూచోబెట్టారు" అనిరి. ఆ మాట కూడ నవ్వుచునే చెప్పిరి.

మాకు ఇద్దరు కుమార్తెలు. పెద్దమ్మాయి పెండ్లి 2008లో చేసితిమి. మా దస్తావేజులలో ఆ పెండ్లి లెక్క ఇప్పటికిని గలదు. మొత్తము 6,10,000 రూపాయలు. అందులో 2,60,000 భవిష్యనిధినుండి తీసినది, 50,000 దాచుకొన్నది, తక్కిన 3,00,000 నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినది. తొమ్మిదివందలమందికి భోజనములు, వీధి పొడుగున రంగుదీపములు, రెండు మేళములు, కల్యాణమండపము. వీటికి తోడు, 1961లోనే చట్టము నిషేధించిన దానికి మేము 'లాంఛనములు' అని పేరు పెట్టి 1,50,000 ఇచ్చితిమి. పేరు మార్చినంతమాత్రమున పద్దు మారదు. ఆనాడు ఇచ్చినవారము మేము. అడిగినవారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు.

పెండ్లి బహు ఘనముగా జరిగినదని అందరును అనిరి. వంటకములు ఇరువదియొక రకమని లెక్కబెట్టినవారును ఉండిరి. ఆ మాటలు ఒక నెల దినములు వినబడెను. వడ్డీ మాత్రము నెలకు ఆరువేల చొప్పున, ఆనాటి మా జీతములో సగమునకు సమీపముగా, సంవత్సరములకొలది నడచెను. అసలు తీరినది 2017లో. తొమ్మిదేండ్లు మా ఇంట పండుగకు బట్టలు కొన్న జ్ఞాపకము లేదు.

ఇక రెండవ అమ్మాయి సంగతి. డిగ్రీ చదివి, ఊరిలో నొక పాఠశాలలో పంతులమ్మగా పనిచేయుచుండగా, 2022 కార్తికమున కాకినాడ సంబంధము కుదిరెను. పిల్లవాడు చిన్న ఉద్యోగి, తండ్రి లేడు. తల్లి మా ఇంటికి వచ్చినప్పుడు, మేము ఇచ్చిపుచ్చుకొనుటల ప్రస్తావన తేబోగా ఆమె అడ్డుకొని, "అన్నయ్యగారూ, మీరిచ్చేది అమ్మాయిని. అంతకంటే ఏమీ వద్దు. మా వీధివాళ్ళకి వ్రతంనాడు మా ఇంట్లో మేమే భోజనాలు పెట్టుకుంటాం. పెళ్ళికి మావాళ్ళు డెబ్బైమందికి మించి రారు" అనిరి. అట్టి మాట వినుట మాకదే ప్రథమము.

మా చేతిలో విరమణసమయమున వచ్చిన దానిలో 4,00,000 మిగిలియుండెను. ఆ రాత్రి మేము కాగితము పుచ్చుకొని అంచనా వేయుటకు కూర్చుంటిమి. అలవాటుకొలది పాత పెండ్లి లెక్కనే ముందుంచుకొని, ధరలు పెరిగిన మేరకు హెచ్చించి వ్రాయుచుండగా, మొత్తము తొమ్మిది లక్షలు దాటెను. "ఎక్కడైనా చూడాలి మరి" అంటిమి. ఎక్కడైనా చూచుట యనగా మరల అప్పు చూచుట యని మా ఇంటిలో అందరికిని తెలియును.

అమ్మాయి ప్రక్కన కూర్చుండి, ధరలు చదివి చెప్పుటకు పాత పద్దుల పుస్తకము తిరుగవేయుచుండెను. ఒక పుటవద్ద ఆగెను. అది 2012 జూను నెల పుట. అందు మా చేతివ్రాతతో రెండు పద్దులు ఒకదాని క్రింద నొకటి యున్నవి. మొదటిది 'వడ్డీ 6,000'. రెండవది 'చిన్నమ్మాయి ఇంజనీరింగు ఫీజు విచారించితిని. వీలుపడదు.'

ఆ సంవత్సరము ఆమెకు ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చినది. "ఆడపిల్లను అంత దూరం పంపలేమమ్మా" అని చెప్పి, మేము ఊరిలోని కళాశాలలోనే డిగ్రీకి చేర్పించితిమి. ఆమె రెండు దినములు అన్నము తినలేదు. తరువాత ఆ మాట ఎన్నడును ఎత్తలేదు.

"నాన్నగారూ, దూరమని కదా అప్పుడు చెప్పారు?" అని అడిగెను.

మేము ఏమియు చెప్పలేకపోతిమి. ఆమె తల్లి లేచి వంటయింటిలోనికి పోయెను. అమ్మాయి పుస్తకము మూసి, కొంతసేపటికి, "ఈ పెళ్ళికి అప్పు చెయ్యకండి నాన్నగారూ. చేస్తే నేను పీటల మీద కూర్చోను" అనెను. కోపముగా అనలేదు. రేపు బడికి పోవలెను అన్నంత మామూలుగా అనెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నాయనమ్మగారి మాట జ్ఞప్తికి వచ్చెను. ఆమెను ఎవరును అడుగలేదు. మంచిదే, అది వెనుకటి కాలము, ఆమె ఎనిమిదేండ్ల పిల్ల. మా పెద్దమ్మాయి మేజరు, చదువుకొన్నది; ఆమెను మేము ఏమి అడిగితిమి? చీర రంగు అడిగితిమి. చిన్నమ్మాయికి నిజమైన కారణమే చెప్పలేదు. మూడు తరములలో అడుగని అలవాటు మాత్రము మారలేదు.

మరునాడు ఉదయమున అమ్మాయిని పిలిచి, "నీ పెళ్ళి ఎలా జరగాలని ఉందమ్మా?" అని అడిగితిమి. అరువదిరెండేండ్ల వయస్సున ఆ ప్రశ్న అడుగుట మాకు కొత్త. ఆమెయు తడబడెను. పిమ్మట వ్రేళ్ళు మడచుచు చెప్పెను. సన్నాయి మేళము ఉండవలెను. పెట్టెలలోనుండి వచ్చు పాటలు వద్దు. ఆవపెట్టిన పనసపొట్టు కూర ఉండవలెను. అక్క పెండ్లికి నాలుగు దినములు ముందుగా రావలెను. పెండ్లిచీర తన జీతములో దాచుకొన్న దానితో తానే కొనుక్కొనును. కూతురి సొమ్ముతో చీర యనుట మాకు చిన్నతనముగా తోచినది. "అది నా ముచ్చట నాన్నగారూ" అనగా ఊరకుంటిమి. ఆమె ఉప్పాడ వెళ్ళి పదునాలుగువేలకు జరీచీర తెచ్చుకొన్నది.

అప్పుడు రెండు నిర్ణయములు చేసితిమి. పెండ్లికి 2,50,000 రూపాయలు. అంతకు మించి ఒక్క రూపాయి లేదు. తక్కిన 1,50,000 అమ్మాయి బి.ఇడి. చదువునకు విడిగా ఉంచవలెను. ఇంజనీరింగు ఇక తిరిగి రాదు. పంతులమ్మకు అక్కరకు వచ్చు చదువైనను దక్కవలెనని తలంపు.

సాదా పెండ్లి చేయదలచినవారికి మా అనుభవమున తేలిన సంగతి యొకటి చెప్పెదము. కూరలు తగ్గించినందువలన మిగులునది స్వల్పము. ఖర్చంతయు పిలుపుల జాబితాలో నున్నది. నూరుమందికి పదునైదు కిలోల బియ్యము చాలునని వంటవారు చెప్పుదురు. కాని మనిషి పెరిగినకొలది బియ్యమొకటే పెరుగదు. పందిరి పెరుగును, కుర్చీలు పెరుగును, వంటవారు, వడ్డనవారు, విడిది, బండ్లు, బట్టలు అన్నియు పెరుగును.

మా మొదటి జాబితాలో ఆరువందల నలువదిమంది యుండిరి. ఎవరిని తీయవలెనన్నను మా ఇంటావిడకు మనసు ఒప్పలేదు. ఎవరింటికి ఏ సంవత్సరమున పోయి భోజనము చేసి వచ్చితిమో ఆమెకు కంఠతా వచ్చును. అప్పుడు మాకు నాయనమ్మగారి పడవ ఆధారమైనది. ప్రతి పేరు వద్దను ఒకే ప్రశ్న వేసికొంటిమి: 'రాత్రివేళ మనతో ఏరు దాటవలసివచ్చినచో, ఈ మనిషి పడవ ఎక్కునా?' నేడు ఎదుర్లంక వంతెన యున్నది. ఏరు దాటుటకు పడవతో పనిలేదు. అయినను ఆ ప్రశ్న చక్కగా పనిచేసెను. ఎక్కుదురని తోచినవారి పేర్లకు టిక్కు పెట్టితిమి. మూడు రాత్రులకు నూటపదిమంది తేలిరి. చిత్రమేమనగా, పెద్దమ్మాయి పెండ్లిలో ముందువరుసలో కూర్చున్న పెద్దమనుష్యులలో పలువురు ఆ జాబితాలో లేరు. మాకు పాలుపోయు మనిషియు, నాయనమ్మగారి చివరి దినములలో సేవచేసిన ఆమెయు ఉండిరి.

మా అన్నగారికి ఈ పద్ధతి నచ్చలేదు. "పెద్దపిల్లకి అంత ఘనంగా చేసి, చిన్నపిల్లకి ఇలా తేల్చేస్తే లోకం ఏమంటుందిరా? పిల్లలో ఏదో లోపముందనుకుంటారు" అనిరి. ఆ మాట మా ఇంటావిడను బాధించినది. మేమును తొట్రుపడితిమి. సమాధానము పెద్దమ్మాయి నుండి వచ్చినది. చెల్లెలి కోరిక ప్రకారము ఆమె ముందుగానే వచ్చి, పద్దుల పుస్తకము తానును చూచినది. తన పెండ్లి అప్పు తొమ్మిదేండ్లు నడచినదని ఆమెకు అంతవరకు తెలియదు. "నన్నూ ఇలాగే అడిగుంటే నేనూ ఇదే చెప్పేదాన్ని కదా నాన్నగారూ. ఆ దీపాలూ ఆ మేళాలూ నేనడిగానా?" అని కన్నీరు పెట్టుకొనెను. అన్నగారు అది విని మారు మాటాడక, పందిరి పని తాము చూచెదమనిరి.

ముహూర్తము మాఘమాసమున, 2023 ఫిబ్రవరిలో, వారము నడుమ, పగటివేళకు పెట్టించితిమి. రాత్రి ముహూర్తమైనచో దీపములును, రెండుపూటల భోజనములును, విడిదిలో పడకలును కావలెను. పగటి ముహూర్తమునకు ఆ ఖర్చు చాలవరకు తప్పును. ఆదివారము కాకున్న మేళమువారును, వంటవారును బేరమునకు వత్తురు. ఇంటిముందు తాటాకు పందిరి, మామిడితోరణములు, అరటిబోదెలు. ఆ దినములలో బంతియు చేమంతియు చవుక, కడియపులంకనుండి తెప్పించితిమి. శుభలేఖలు కొద్దిగా అచ్చు వేయించి, ఊరిలోనివారిని మా ఇంటావిడయు పెద్దమ్మాయియు ఇంటింటికి వెళ్ళి బొట్టుపెట్టి పిలిచిరి.

లెక్క ఇది. తాళిబొట్లకు, ఇంటావిడ పాత గొలుసు కరిగించి చేయించుటకు 28,000. మధుపర్కములు, పెండ్లికొమారుని బట్టలు, దగ్గరివారికి పెట్టుబడి బట్టలు 36,000. అన్నిపూటల భోజనములకు 52,000. పందిరి, కుర్చీలు 24,000. సన్నాయి మేళమునకు 12,000. పురోహితునికి, పూజాద్రవ్యములకు 11,000. పూలకు 6,000. సారెకు 15,000. బండ్లకు 8,000. శుభలేఖలకు 2,500. ఫొటోలకు 15,000. అమ్మాయికి వంటపాత్రలు 14,000. చిల్లర ఖర్చులు 12,300. వెరసి 2,35,800 రూపాయలు.

నూటయెనుబదిమందికి వండించగా రెండువందలకు పైగా వచ్చిరి. ముద్దపప్పు, పులిహోర, బూరెలు, పనసపొట్టు కూర, వంకాయకూర, ముక్కలపులుసు సరిపోయినవి, పెరుగు చాలలేదు. మేము కంగారుపడుచుండగా, మా వీధిలో నాలుగిండ్ల ఆడవారు తమ ఇండ్లనుండి తోడుపెట్టిన పెరుగు గిన్నెలతో తెచ్చి వడ్డించిరి. మండపములో పెండ్లి చేసియున్నచో ఆ గిన్నెలు వచ్చుటకు వీలు లేదు.

తాళి కట్టు సమయమున అమ్మాయి తల యెత్తి మా వైపు ఒకసారి చూచెను. నిద్రలో నున్న పిల్ల చూపు కాదది. మాకు నాయనమ్మగారు జ్ఞప్తికి వచ్చిరి.

అంతయు సుఖముగా ముగిసినదని వ్రాసిన అసత్యమగును. మా కార్యాలయములో ఇరువదేండ్లు మా ప్రక్క బల్లవద్ద కూర్చున్న మిత్రుడొకరున్నారు. జాబితాలో వారి పేరు వద్ద మేము చాలసేపు ఆగి, విడిచిపెట్టితిమి. పెండ్లి జరిగిన వారమునకు బజారులో ఎదురుపడిరి. "శుభమా?" అని యొక్క మాట అని, చేతిసంచితో అట్లే సాగిపోయిరి. మేము మరునాడు సారెలోని అరిసెలును, చలిమిడియు పట్టుకొని వారింటికి వెళ్ళితిమి. పిలువని వారందరికిని అట్లే పంచితిమి. సారె పంచుట మన ఆచారమే గనుక చాలమంది సంతోషించిరి. ఆయన మాత్రము మర్యాదగా మంచినీళ్ళిచ్చి, తమ కుమార్తె పెండ్లికి మేము వచ్చి రెండు దినములుండి వడ్డన చేసిన సంగతి గుర్తుచేసిరి. ఆయన పడవ ఎక్కెడివారే. మేమే తప్పు లెక్క వేసితిమి. ఇప్పటికిని ఆయన మాతో మాటలాడుదురు గాని, మునుపటివలె సాయంకాలము మా అరుగు మీదికి వచ్చి కూర్చుండరు. సాదా పెండ్లికి ఇట్టి వెల కూడ కలదని, చేయదలచినవారు ముందుగా తెలిసికొనుట మంచిది. పైకము మిగుల్చుట సులభమే. పేర్లు కొట్టివేయునప్పుడు చేయి నిదానింపవలెను.

మిగిలిన 14,200 చదువు సొమ్ములో కలిపితిమి. అమ్మాయి ఆ సంవత్సరమే అత్తవారింటినుండి బి.ఇడి.లో చేరి, రెండేండ్లకు 2025లో ముగించినది. మొదటి ఫీజు రసీదును మాకు పంపి, "పుస్తకంలో రాసుకోండి నాన్నగారూ" అని ఫోనులో చెప్పినది. వ్రాసికొంటిమి.

పెండ్లి లెక్క ముగించిన పుట చివర, గుమాస్తా అలవాటున 'బాకీ లేదు' అని వ్రాసి క్రింద గీత గీయబోయితిమి. అప్పుడు 2012 జూను పుట మనసున మెదలెను. ఆ గీత గీయకుండగనే పుస్తకము మూసితిమి.